సైకిల్ మీద గుట్టలు: నల్లగొండ, పాలమూరు దారుల ముచ్చట

(నల్లగొండలో సైకిల్ తొక్కేవాళ్ళు ఒక ఆదివారం సాయంత్రం కలిసినప్పుడు, నీటిపారుదల శాఖలో పనిచేసి రిటైరైన ఒక పెద్దమనిషి మాట్లాడిన మాటల పాఠం ఇది. మధ్యలో సభికులు అడిగిన ప్రశ్నలను అలాగే ఉంచాం.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్ళు ముందుకొచ్చి కూర్చోండి, కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. మైకు కొంచెం గీపెడుతోంది, ఆపేసినా పర్వాలేదు. కాలువ గట్టు మీద ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు కేకలేసిన గొంతు నాది.

నన్ను పిలిచిన తమ్ముళ్ళు "సార్, గుట్టలు ఎక్కడం గురించి చెప్పండి, అట్లనే మంచి రూట్ల గురించి కూడా చెప్పండి" అన్నారు. ఇవి రెండు ముచ్చట్లని వాళ్ళ లెక్క. నాకు మాత్రం రెండూ ఒకటే. ఎత్తు ఎక్కడ వస్తుందో, ఎంతసేపు ఉంటుందో ముందే తెలిసినవాడు శ్రీశైలం రోడ్డు మీది మన్ననూరు ఘాట్ కూడా హాయిగా ఎక్కుతాడు. తెలియనివాడికి ఊరి చివర వాగు మీద వంతెన దాటాక వచ్చే మెరక కూడా ప్రాణం తీస్తుంది. కాబట్టి ముందు నేలను చదవడం నేర్చుకుందాం. తొక్కడం దాని వెనకే వస్తుంది.

నేను పందేలు తొక్కేవాణ్ణి కాదు. ఇక్కడ చాలామంది కూడా అంతే అనుకుంటాను. పొద్దున్నే రెండు మూడు గంటలు తిరిగి, ఎక్కడైనా చాయ్ తాగి, ఎండ ముదరకముందే ఇంటికొచ్చి స్నానం చేసేవాళ్ళం. మనకు టైమింగులతో పనిలేదు. ఆ మాట ముందే చెప్పేస్తున్నాను. సెకన్లు తగ్గించుకునే చిట్కాలు నా దగ్గర దొరకవు.

మన నేల సంగతి చూడండి. నల్లగొండ, పాలమూరు అంతా ఎక్కువ భాగం పాత గ్రానైట్ రాతి నేల. కోట్ల ఏళ్ళుగా పైమట్టి కొట్టుకుపోయి, గట్టి రాయి మాత్రం గుట్టలుగా మిగిలింది. అందుకే మన గుట్టలు వరుసగా ఉండవు, ఒక్కొక్కటి విడిగా నిలబడతాయి. ఈ ఊళ్ళో కాపురాల గుట్ట, లతీఫ్ సాహెబ్ గుట్ట చూస్తూనే ఉన్నాం కదా. భువనగిరి కోట ఉన్న కొండైతే మొత్తం ఒకే రాయి. సైకిల్ వాడికి దీని అర్థం ఏమిటంటే, మన దగ్గర గుట్ట ఎక్కడం దాదాపు ఎప్పుడూ మన ఇష్టమే. రోడ్డు గుట్ట పక్కనుంచి పోతుంది, పైన గుడో దర్గానో ఉంటే దానికి విడిగా ఒక దారి చీలుతుంది. ఓపిక ఉంటే ఎక్కొచ్చు, లేకుంటే కిందనుంచి దండం పెట్టుకుని పోవచ్చు.

రెండో రకం ఎత్తు కంటికి కనపడదు, కాళ్ళకు తెలుస్తుంది. మన రోడ్లు వాగులను అడ్డంగా దాటుతూ పోతాయి. వాగులోకి దిగుడు, మళ్ళీ ఎక్కుడు. ఒక్కొక్కటి పది మీటర్లే ఉండొచ్చు. ఒక పూట ప్రయాణంలో అట్లాంటివి ముప్పై వస్తే 300 మీటర్లు ఎక్కినట్టే, అంటే భువనగిరి కోట గుట్టను దాదాపు రెండుసార్లు ఎక్కినంత. "అసలు గుట్టే లేదు సార్, అయినా కాళ్ళు పోయాయి" అని చాలామంది అంటుంటారు. కారణం ఇదే. పాలమూరు వైపు ఇది ఇంకా ఎక్కువ.

మూడోది నల్లమల. దాని దగ్గరికి తర్వాత వద్దాం.

ఇప్పుడు నేను ఉద్యోగంలో నేర్చుకున్న ముచ్చట ఒకటి. మన దగ్గర చెరువులు గొలుసుకట్టుగా ఉంటాయి. పై చెరువు నిండి అలుగు పారితే ఆ నీళ్ళు కింది చెరువులోకి పోతాయి, అది నిండితే ఆ కిందిదానికి. కాకతీయుల కాలం నుంచీ ఇదే పద్ధతి. ఇక సైకిల్ మీద కొత్త ఊరికి పోయినప్పుడు చెరువు కనపడిందనుకోండి, కట్ట ఎటువైపు ఉందో చూడండి. కట్ట ఎప్పుడూ పల్లం వైపే వేస్తారు. కట్ట అవతల పొలాలు, అదే ఆయకట్టు, ఇంకా పల్లం. శిఖం వైపు, అంటే నీళ్ళు పలచబడి పశువులు మేసే వైపు, మెరక. మీ రోడ్డు శిఖం పక్కనుంచి పైకి పోతుంటే ఇంకా ఎక్కుడు ఉందని అర్థం. కట్ట దిగి తూము కాలువ వెంట పోతుంటే కాళ్ళకు విశ్రాంతి. ఫోన్‌లో సిగ్నల్ లేకపోయినా ఇది పనిచేస్తుంది.

రూట్ వేసుకునేటప్పుడు కూడా ఇదే వాడండి. ఫోన్‌లో ఉపగ్రహ చిత్రం తెరిచి చెరువులను చూడండి. కింది చెరువు నుంచి పై చెరువుకు, అక్కడి నుంచి ఇంకా పైదానికి పొద్దున చల్లటి పూట ఎక్కండి. తిరుగు ప్రయాణం, ఎండ వచ్చే టైముకు, నీళ్ళతో పాటే దిగండి. నేను రూట్ గీసే పద్ధతి మొత్తం ఇంతే.

దీనికే ఇంకో కొస ఉంది. నది దగ్గరికి పోయే దారి పోయేటప్పుడు మనల్ని మురిపిస్తుంది. కొల్లాపూర్ నుంచి సోమశిలకు పోండి, కృష్ణ వైపు దిగుతూ పోతారు. ముందు నీళ్ళు, వెనక నల్లమల, చేపల వాసన. ఫోటోలు దిగి, తిని, మధ్యాహ్నం ఎండలో తిరిగి బయల్దేరితే అప్పుడు తెలుస్తుంది. నాగార్జునసాగర్ అయినా, మూసీ వచ్చి కృష్ణలో కలిసే వాడపల్లి అయినా అంతే. నది చివర ఉన్న రూట్‌లో తిరుగుబాటకు సగం కంటే ఎక్కువ బలం దాచుకోవాలి.

అసలు ఎత్తే వద్దనుకునేవాళ్ళకు కాలువ గట్టు ఉంది. పెద్ద కాలువలకు కిలోమీటరుకు సాధారణంగా పది నుంచి ఇరవై సెంటీమీటర్ల వాలు ఇస్తాం. అంతకంటే ఎక్కువ ఇస్తే నీళ్ళు వేగంగా పోయి గట్టు కోసేస్తాయి, తక్కువిస్తే పూడిక పేరుకుంటుంది. కిలోమీటరుకు జానెడు వాలు కాళ్ళకు ఏం తెలుస్తుంది? అందుకే కాలువ పక్క తనిఖీ బాట అంత చదునైన దారి ఇంకెక్కడా దొరకదు. నెహ్రూ గారు 1955 డిసెంబర్ 10న శంకుస్థాపన చేసిన సాగర్ నుంచి ఎడమ కాలువ, అంటే లాల్ బహదూర్ కాలువ, హాలియా మీదుగా పోతుంది. గుట్టలు అడ్డొస్తే చుట్టూ తిరుగుతూ, ఎత్తును కాపాడుకుంటూ పోతుంది. మన పానగల్లు ఉదయసముద్రానికి నీళ్ళు వచ్చేది ఇంకో కాలువలో. పుట్టంగండి దగ్గర మోటార్లతో ఎత్తిపోస్తే, అక్కడి నుంచి వాలు మీద నడిచి ఇక్కడికొస్తాయి.

గట్టు మీద రెండు జాగ్రత్తలు. నీళ్ళు పారుతున్నప్పుడు అంచుకు పోవద్దు, లైనింగ్ మీద, అంటే కాలువ లోపలి సిమెంటు మీద, పాచి ఉంటుంది. జారితే ఈత వచ్చినవాడు కూడా పైకి రాలేడు. రెండోది సర్కారు తుమ్మ ముళ్ళు, పల్లేరు కాయలు. పల్లేరు కాయ ఎట్లా పడినా ఒక ముల్లు పైకే ఉంటుంది. చక్రం ఆపి చేత్తో తుడుచుకుంటూ పోవాలి, లేకుంటే రెండు చక్రాలూ ఒకేసారి కూర్చుంటాయి. స్పేర్ ట్యూబు, పంపు, సొల్యూషన్ లేకుండా గట్టెక్కకండి.

సరే, గుట్టల లెక్కకు వద్దాం. 6 శాతం వాలు అంటే వంద మీటర్లు ముందుకు పోతే ఆరు మీటర్లు పైకి. భారత సర్వే శాఖ టోపోషీట్లు ఉంటాయి, 1:50,000 స్కేలువి. వాటిలో ఎత్తు గీతలు 20 మీటర్లకు ఒకటి ఉంటుంది. ఒక కిలోమీటరు రోడ్డు మూడు గీతలు దాటిందంటే 60 మీటర్లు, అంటే 6 శాతం. ఐదు దాటితే 10 శాతం, అక్కడ మనవంటివాళ్ళకు గట్టి పనే. ఫోన్ యాప్‌లు కూడా చూపిస్తాయి కానీ సగటును నమ్మకండి. సగటు 3 శాతం అని ఉంటుంది. పోయి చూస్తే సగం దూరం చదును, ఆఖరి రెండు వందల మీటర్లు గోడ.

ఇక్కడ చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. జాతీయ రహదారి ఘాట్ కంటే గుడి గుట్టే ఎక్కువ కష్టం. రహదారులకు ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ నియమాలున్నాయి. నిటారు కొండల్లో కూడా మామూలుగా 6 శాతం, తప్పనిసరైతే 7, ఎక్కడో కొద్ది దూరం 8. చదును నేలలో అయితే 3.3 శాతమే. ఎందుకంటే లోడు లారీ ఎక్కాలి. గుడి గుట్టకు అట్లా కాదు. స్థలం తక్కువ, గుట్ట చిన్నది, జీపు ఎక్కితే చాలు అని వేస్తారు. అందుకే శ్రీశైలం రోడ్డు అంటే భయపడేవాళ్ళు ముందు దాన్నే ఎక్కి, తర్వాత గుడి గుట్టలకు రావడం మంచిది. మనవాళ్ళు తిరగేసి చేస్తారు. పక్కనే ఉంది కదా అని గుట్ట మీద పడతారు, రొప్పుతారు, సైకిల్ అమ్మేస్తారు.

ఎందుకు రొప్పుతారు? బలం లేక కాదు. ఒక మనిషి 70 కిలోలు, సైకిల్ 15 కిలోలు అనుకోండి. 6 శాతం ఎత్తు మీద గంటకు 16 కిలోమీటర్ల వేగంతో పోవాలంటే 270 వాట్లు దాకా కావాలి. అది శిక్షణ పొందిన ఆటగాళ్ళు గంటసేపు ఇచ్చే శక్తి. వేగం 8 కిలోమీటర్లకు తగ్గిస్తే సుమారు 125 వాట్లు చాలు. 5 కిలోమీటర్లకు దిగితే 80. ఆరోగ్యంగా ఉన్న మామూలు మనిషి వంద వాట్లు చాలాసేపు ఇవ్వగలడు. ఎంత కష్టపడాలో గుట్ట చెప్పదు, మనం పెట్టుకున్న వేగం చెబుతుంది. చదును మీద పోతున్న స్పీడు తగ్గిపోతోందని మనసు ఒప్పుకోదు చూడండి, రొప్పు అక్కడే మొదలవుతుంది.

సభికుడు: సార్, నాది గేర్లు లేని సైకిల్. మెల్లగా తొక్కితే ఆగిపోతుంది కదా?

మంచి ప్రశ్న. దానికీ లెక్క ఉంది. మన పాత నల్ల సైకిళ్ళకు ఎక్కువగా ముందు, పెడల్ దగ్గరి పళ్ళ చక్రానికి 44 పళ్ళు, వెనక ఫ్రీవీల్‌కు, అంటే వెనక చక్రం మీది పళ్ళ చక్రానికి, 18 పళ్ళు. పెడల్ ఒక చుట్టు తిప్పితే సైకిల్ దాదాపు ఐదున్నర మీటర్లు పోతుంది. గంటకు 8 కిలోమీటర్ల వేగంలో నిమిషానికి పాతిక చుట్లే పడతాయి. అంటే ఒక్కో తొక్కుడుకూ ఒళ్ళంతా వేసి నిలబడాలి. మోకాళ్ళు అరిగేది అట్లనే. గేర్ల సైకిల్ మీద ముందు 28, వెనక 34 వేశారనుకోండి, ఒక చుట్టుకు మీటరు ముప్పావు లోపే పోతుంది. అదే వేగానికి నిమిషానికి డెబ్బై ఎనభై చుట్లు. కాళ్ళు తేలిగ్గా తిరుగుతాయి, ఊపిరి నిలకడగా ఉంటుంది. గేర్ల సైకిల్ కొనేవాళ్ళు రంగు, డిస్క్ బ్రేకుల హోరు అంతా పక్కన పెట్టి, వెనక పెద్ద పళ్ళ చక్రానికి ఎన్ని పళ్ళున్నాయో లెక్కపెట్టండి. 28 అంటే మన గుట్టలకు చాలదు. 32, 34 ఉంటే మేలు.

మీ సైకిల్ అమ్మక్కర్లేదు తమ్ముడూ. ఫ్రీవీల్ 22 పళ్ళది దొరికితే వేయించు, కొంత తేలికవుతుంది. అప్పటికీ కష్టమైతే దిగి నడిపించుకుపో. గంటకు నాలుగు కిలోమీటర్లు నడుస్తావు, తొక్కేవాడు ఐదు పోతాడు. తేడా ఎంతని సిగ్గుపడాలి? ఈ జిల్లాలో పాలు, కూరగాయలు, బట్టల మూటలు సైకిల్ మీద వేసుకుని ఊళ్ళు తిరిగిన వాళ్ళంతా గుట్ట దగ్గర దిగి తోసినవాళ్ళే.

ఎక్కే పద్ధతి చెబుతాను. మొదట సీటు. మనవాళ్ళలో పదికి ఎనిమిది మంది సీటు కిందికి పెట్టుకుని తొక్కుతారు, ఆగినప్పుడు రెండు కాళ్ళూ నేలకు ఆనాలని. చదును మీద ఎట్లనో నడుస్తుంది, ఎత్తు మీద మోకాలి చిప్ప నొప్పి అక్కడి నుంచే వస్తుంది. సీటు మీద కూర్చుని మడమను పెడల్ మీద పెట్టండి. పెడల్ అడుగున ఉన్నప్పుడు కాలు నిటారుగా రావాలి. తర్వాత మామూలుగా పాదం ముందు భాగంతో తొక్కితే మోకాలు కొంచెం వంగి సరిపోతుంది. ఆగేటప్పుడు సీటు మీంచి ముందుకు దిగడం అలవాటు చేసుకోండి. రెండు రోజుల్లో వస్తుంది.

గేరు ఎత్తు మొదలవక ముందే మార్చాలి. బరువు మీద ఉన్నప్పుడు ముందు గేరు మారిస్తే గొలుసు కటకటమని లోపలికి పడిపోతుంది, మీరు ఏటవాలు మీద నల్లటి చేతులతో కూర్చోవాలి. ఎత్తు మొదలైన మొదటి నిమిషం కావాలని మెల్లగా తొక్కండి. పక్కనున్నవాళ్ళతో ఒక వాక్యం పూర్తిగా మాట్లాడగలగాలి. రెండు మాటలకే ఊపిరి తెగుతుంటే వేగం ఎక్కువైనట్టు. హ్యాండిల్‌ను పిసకకండి. భుజాలు బిగిస్తే ఊపిరి ఆడదు.

మలుపుల సంగతి ఉదాహరణతో చెబుతాను. చెర్వుగట్టు తీసుకోండి. ఇక్కడి నుంచి నార్కట్‌పల్లి రోడ్డు మీద పోతే ఎల్లారెడ్డిగూడెం దగ్గర జడల రామలింగేశ్వర స్వామి గుట్ట. ఇట్లాంటి గుట్ట దారిలో మలుపు దగ్గర రోడ్డు లోపలి అంచు తక్కువ దూరంలో అంతే ఎత్తు ఎక్కాలి, కాబట్టి అది నిటారు. బయటి అంచు వాలు తక్కువ. మనం ఎడమ పక్క పోయేవాళ్ళం కదా, కుడి మలుపులో మనకు బయటి అంచు దొరుకుతుంది, సుఖం. ఎడమ మలుపులో లోపలి అంచు, అక్కడే సైకిల్ ఆగిపోయి పక్కకు పడతాం. ఎడమ మలుపు కనపడగానే ఒక గేరు దించండి, వెనక బండి లేదని చూసుకుని లోపలి మూల నుంచి ఒక మీటరు బయటికి జరగండి, అవసరమైతే నాలుగు తొక్కుళ్ళు నిలబడి తొక్కి మళ్ళీ కూర్చోండి. అట్లని ఎదురుగా వచ్చే బండ్ల వైపుకు పోవద్దు. మలుపు అవతల నుంచి ఆటో న్యూట్రల్‌లో దిగుతుంటుంది. ఇంకో మాట, అమావాస్య నాడు చెర్వుగట్టుకు సైకిల్ మీద పోకండి. ఆ రాత్రి నిద్ర చేయడానికి వచ్చే జనంతో దారంతా నిండిపోతుంది. మామూలు రోజు తెల్లవారగానే పోతే గుట్ట మీద మూడు గుండ్ల వైపు నుంచి గాలి వస్తుంటుంది, కోతులు తప్ప ఎవరూ అడ్డం రారు.

దిగడం గురించి రెండు మాటలే, కానీ ఎక్కడం కంటే ఇవే ముఖ్యం. మలుపులోకి పోయాక బ్రేక్ పట్టడం ఆలస్యం. మలుపుకు ముందే వేగం తగ్గించి, బ్రేక్ వదిలి తిరగాలి. అదేపనిగా బ్రేక్ పట్టుకుని దిగితే రిమ్ము వేడెక్కుతుంది, పట్టు తగ్గుతుంది. పట్టి, వదిలి, మళ్ళీ పట్టాలి. ఏ చేతి బ్రేక్ ముందు చక్రానిదో ఇంటి దగ్గరే చూసుకోండి, కొన్ని సైకిళ్ళకు తారుమారు ఉంటుంది. ఇసుక మీద, వడ్ల మీద ముందు బ్రేక్ గట్టిగా పట్టారో, పళ్ళు రాలతాయి. రాడ్ బ్రేకుల సైకిల్ మీద ఘాట్ దిగొద్దు. హెల్మెట్ లేనివాళ్ళు దిగొద్దు. దీంట్లో నేను మొండి.

రూట్లు. కొత్తవాళ్ళకు పానగల్లు. ఊరికి పక్కనే, ఉదయసముద్రం కట్ట, ఛాయా సోమేశ్వరాలయం, పచ్చల సోమేశ్వరాలయం. కందూరు చోళుల కాలపు గుళ్ళు. ఛాయా సోమేశ్వరంలో గర్భగుడిలో పగలంతా కదలకుండా పడే నీడను ఇప్పటికీ చూడనివాళ్ళు ఈ హాలులోనే ఉంటారు. చేయెత్తకండి, నేను అడగను. ఇది గుట్ట లేని రూటు, గేర్లు మార్చడం నేర్చుకోవడానికి సరిపోతుంది.

దాని తర్వాత చెర్వుగట్టు. గుడి గుట్టే అయినా, చెప్పిన పద్ధతిలో మెల్లగా ఎక్కితే పర్వాలేదు. ఆ తర్వాత సంస్థాన్ నారాయణపురం వైపు రాచకొండ గుట్టలు. అక్కడ రేచర్ల పద్మనాయకుల కోట ఉంది, తండాల మధ్య చిన్న రోడ్లు ఎక్కుతూ దిగుతూ పోతాయి. బండ్లు తక్కువ. నాకు నల్లగొండ వైపు అన్నిటికంటే ఇష్టమైన తావు అది. దేవరకొండ కోట కూడా మంచిదే కానీ కోటలోకి సైకిల్ రాదు, తాళం వేసి కాలినడకన ఎక్కాలి. హైదరాబాద్-విజయవాడ హైవేను మాత్రం దాటడానికే వాడతాను. దాని పక్కన పొద్దస్తమానం తొక్కేవాళ్ళను చూస్తే నాకు జాలి. ఏం సంతోషం అందులో, బస్సుల హారన్లు తప్ప?

పాలమూరులో ఉన్నవాళ్ళకు పిల్లలమర్రి చదును రూటు. ఏడు వందల ఏళ్ళ మర్రి అని చెబుతారు, మూడెకరాల నీడ. గుట్ట కావాలంటే రాయచూరు దారిలో మన్యంకొండ. మీద లక్ష్మీ వేంకటేశ్వర స్వామి, పైదాకా ఘాట్ రోడ్డు ఉంది. అక్కడి నుంచి దేవరకద్ర పోయి, కోయిల్‌సాగర్ వైపు తిరగొచ్చు. గుట్టల మధ్య నిలబడ్డ నీళ్ళు చూస్తూ పల్లిపట్టి నమలడం నాకు ఐదు నక్షత్రాల హోటల్ కంటే ఎక్కువ. కురుమూర్తి గుట్ట ఇంకా ముందుకు, కార్తీకంలో జాతర రోజులు తప్ప ఎప్పుడైనా పోవచ్చు.

ఇక నల్లమల. అమ్రాబాద్ పీఠభూమి మన గ్రానైట్ నేల మీద గట్టి క్వార్ట్‌జైట్ రాతి పొర పరుచుకుని లేచిన ఎత్తు. అచ్చంపేట వైపు నుంచి చూస్తే గోడలాగా కనపడుతుంది. శ్రీశైలం నీళ్ళు నల్లగొండకు తేవాలంటే ఆ పీఠభూమి కింద నుంచి సుమారు 44 కిలోమీటర్ల సొరంగం కావాల్సి వచ్చింది. 2025 ఫిబ్రవరిలో దోమలపెంట దగ్గర ఆ సొరంగం కూలి ఎనిమిది మంది చిక్కుకుపోయారు. మా శాఖలో పనిచేసినవాళ్ళం ఆ రోడ్డు మీద పోతుంటే కాళ్ళ కింద ఏముందో గుర్తురాకుండా ఉండదు.

శ్రీశైలం రోడ్డు మీద హాజీపూర్ దాటాక ఎక్కుడు మొదలై మన్ననూరుకు చేరుస్తుంది. రహదారి ఘాట్ కాబట్టి వాలు నిలకడగా ఉంటుంది, ఒక గేరులో కూర్చుంటే చాలు. మన్ననూరు నుంచి పులుల అభయారణ్యం. రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా చెక్‌పోస్టు మూసేస్తారు. చీకట్లో బయల్దేరి గేటు దగ్గర కూర్చునే బదులు, ఘాట్ మెల్లగా ఎక్కి ఆరు దాటాక అక్కడికి చేరేట్టు చూసుకోండి. చెక్‌పోస్టు వాళ్ళతో మాట్లాడి, వాళ్ళు పొమ్మంటేనే ముందుకు పోవాలి. రోడ్డు దిగి అడవిలోకి పోవడానికి అటవీ శాఖ అనుమతి కావాలి. కోతులకు అరటిపండు చూపించొద్దు. మధ్యలో దుకాణాలు తక్కువ, నీళ్ళు మన్ననూరులోనే నింపుకోవాలి. దోమలపెంట దాటి డ్యాము వైపు దిగితే మళ్ళీ ఎక్కాలి, నది లెక్క మరచిపోకండి. కొత్తవాళ్ళు వటవర్లపల్లి నుంచి వెనక్కి తిరగడమే మంచిది. ఇంకా చిన్నది కావాలంటే రంగాపూర్ దగ్గర ఉమామహేశ్వరం. కొండ చరియ కింద గుడి, శ్రీశైలానికి ఉత్తర ద్వారం అంటారు. వానాకాలంలో రాతి మీంచి నీళ్ళు కారుతుంటాయి. ఎక్కుడు గట్టిదే.

గాలి సంగతి చెప్పకపోతే తప్పు. ఆషాఢంలో పడమటి గాలి గుట్ట కంటే ఘోరం. గుట్టకు చివర ఉంటుంది, గాలికి ఉండదు. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా పోయేటప్పుడు పడమర, నైరుతి వైపు పోయి, వచ్చేటప్పుడు గాలిని వీపుకు పెట్టుకోండి. పాలమూరు వాళ్ళకు మన్యంకొండ ఆ నెలల్లో అందుకే బాగుంటుంది. చలికాలంలో గాలి ఈశాన్యం నుంచి, అప్పుడు తూర్పు రూట్లు ముందు. ఎండాకాలం గురించి చెప్పడానికేం లేదు, ఐదింటికి బయల్దేరి ఎనిమిదిన్నరకు ఇంట్లో ఉండాలి.

వడ్ల కాలం వేరే సంగతి. యాసంగి కోతలప్పుడు, వానాకాలం కోతలప్పుడు సగం రోడ్డు మీద వడ్లు ఆరబోస్తారు, చుట్టూ రాళ్ళు పెడతారు. చీకట్లో ఆ రాళ్ళు కనపడవు. ఆ నెలల్లో తెల్లారాకే బయల్దేరండి. రైతు మీద కోపం వద్దు, వానొస్తే అది ఆయన ఏడాది పంట.

సభికురాలు: సార్, ఆడవాళ్ళం పొద్దున్నే ఒంటరిగా ఈ చిన్న రోడ్ల మీద పోవచ్చా? కుక్కలు కూడా ఎక్కువ.

అమ్మా, భయం లేదని నేను ఇక్కడ కూర్చుని చెప్పడం సులువు. మొదట్లో ముగ్గురు నలుగురు కలిసి పోండి. రోజూ ఒకే రూటులో కొన్నాళ్ళు పోతే పాల కేంద్రం వాళ్ళు, చాయ్ కొట్టు వాళ్ళు గుర్తుపడతారు, ఏదైనా అయితే ముందు వచ్చేది వాళ్ళే. ఇంట్లో రూటు చెప్పి బయల్దేరండి. చున్నీ గొలుసులో పడకుండా నడుముకు కట్టుకోండి, ఈ ఒక్క కారణంతో పడినవాళ్ళు చాలామంది. వెనక ఎర్ర లైటు మగవాళ్ళకూ తప్పనిసరి, ట్రాక్టరు ట్రాలీకి లైట్లు ఉండవు కాబట్టి మనకైనా ఉండాలి. కుక్క వెంటపడితే వేగం పెంచకండి, ఎత్తు మీద ఎట్లాగూ పెరగదు. ఆగి, సైకిల్‌ను మీకూ దానికీ మధ్య పెట్టి, గట్టిగా గదమాయించండి. చాలా కుక్కలు అక్కడితో వెనక్కిపోతాయి. అప్పుడు నడిపించుకుంటూ దాటండి.

సభికుడు: ఏం తినాలి సార్, ఎన్ని నీళ్ళు?

గంటన్నర లోపు రూటుకు నీళ్ళు చాలు. ఎక్కువైతే గంటకు అర లీటరు పైనే, ఎండలో ఇంకా ఎక్కువ. నిమ్మరసం, ఉప్పు, చక్కెర కలుపుకోండి. మన బత్తాయిలు ఉండగా డబ్బా పానీయాలు దేనికి? అరటిపండు, పల్లిపట్టి, మిగిలిన జొన్నరొట్టె చుట్ట, ఏదైనా సరే. ఆకలి వేశాక తింటే ఆలస్యం, గుట్టకు ఒక పావుగంట ముందు తినండి. మర్రిగూడ, మునుగోడు వైపు బోరు నీళ్ళలో ఫ్లోరైడ్ ముచ్చట మీకు నేను చెప్పాలా? ఒక పూట తాగితే ఏమీ కాదు కానీ, నల్లా నీళ్ళు అడగండి, ఏ ఇంట్లో అయినా పోస్తారు.

ఇంకో ప్రశ్న ఉందా? మోకాళ్ళా? మీ వయసెంత అన్నా? అరవై రెండు. నాకంటే చిన్న. డాక్టరుకు ఒకసారి గుండె, బీపీ చూపించుకోండి, తర్వాత పానగల్లుతో మొదలుపెట్టండి. సీటు నేను సరిచేస్తాను, బయట పెట్టారా సైకిల్? పదండి చూద్దాం. మిగతావాళ్ళు వచ్చే ఆదివారం ఐదున్నరకు గడియారం సెంటర్ దగ్గర కలవండి. చెర్వుగట్టు పోదాం. అమావాస్య కాదు, క్యాలెండర్ చూశాను. బ్రేకులు సరిచేయించుకోనివాళ్ళను నేను పైకి తీసుకెళ్ళను, కిందే చాయ్ కొట్టు దగ్గర కూర్చోబెడతాను.